రెండో గేరు పడని జీపు

మా గ్యారేజీలో ఒక కట్టుబాటు ఉండేది. గేర్‌బాక్స్ మూత ఎవరు బిగిస్తారో, బండి మొదటిసారి కదిలినప్పుడు వాళ్ళే డ్రైవరు పక్కన కూర్చోవాలి. ఇంజను కట్టినవాళ్ళు కాదు, బ్రేకులేసినవాళ్ళు కాదు, గేర్‌బాక్స్ వాళ్ళే. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది, అంతేగా. గేర్‌బాక్స్ చెడితే ఏం చేస్తుందో దానికే తెలియదు. ఆ కట్టుబాటు పుణ్యాన నేనొకసారి జీపులో గుట్టెక్కాను. సీటు మీద కంటే గాల్లోనే ఎక్కువసేపున్నాను. ఇప్పటికీ ఆ సంగతి కూర్చుని చెప్పలేను, లేచి చేతులూపుతూ చెప్పాలి.

నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు. అంతకు మించి అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. ఢిల్లీ జనక్‌పురిలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ఆదివారాలప్పుడు నేర్చుకుంది. తప్పులుంటే దాన్నడగండి, అబద్ధాలుంటే నన్నడగండి. పేర్లు మాత్రం ఎవరివీ చెప్పను. అందరూ మంచివాళ్ళే, కాకపోతే ఏదో ఒక పూట తిక్కగా చేసినవాళ్ళే, నాతో సహా. ఇట్లాంటి పనిలోకి రావాలని మనసుండీ జంకుతున్న పిల్లలెవరైనా ఉంటే, మీ కోసమే ఇది.

మా ఆయన గేర్‌బాక్స్ మేస్త్రి. బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, నన్ను తీసుకుని ఢిల్లీ వచ్చాడు. పాత బళ్ళ సామానమ్మే మాయాపురి పక్కన ఒక సర్దార్జీ గ్యారేజీలో చేరాడు. పదకొండేళ్ళు చేశాక కామెర్లొచ్చి మూడు వారాల్లో పోయాడు. దాని గురించి ఇంతకన్నా చెప్పను, ఇది ఏడుపు కథ కాదు. దినాలయ్యాక సర్దార్జీ మా గది దాకా వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "భర్‌జాయీ, సామాన్లు కడిగే పని ఉంది, చేస్తావా?" అన్నాడు. భర్‌జాయీ అంటే వాళ్ళ భాషలో వదిన. చేస్తానన్నాను.

కడగడమంటే, ఒక ఇనప తొట్టి, దాన్నిండా కిరసనాయిలు. విప్పిన సామానంతా అందులో పడేస్తారు. బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి బల్ల మీదికివ్వాలి. ఆ బల్ల ఉస్తాద్‌ది. ఉస్తాద్ అంటే మా గ్యారేజీకి పెద్ద మేస్త్రి. మీరట్ మనిషి, గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం, బక్కపలచటి ఒళ్ళు, లారీ హారన్ లాంటి గొంతు. నన్ను 'మద్రాసన్' అని పిలిచేవాడు. "మాది మద్రాసు కాదు ఉస్తాద్, గుంటూరు" అంటే, "నాగపూర్ దాటితే అంతా మద్రాసే" అనేవాడు.

తొట్టి దగ్గర నాకో పద్ధతి పడింది. ఏ సామాను ఏ వరసలో వచ్చిందో అదే వరసలో ఇనప తీగకి గుచ్చేదాన్ని, పూలు గుచ్చినట్టు. కడిగాక తీగ కొసలు రెండూ కలిపి పట్టుకుని గిరగిరా తిప్పితే కిరసనాయిలంతా చెదిరి పోయేది. సగం గోడ మీద, సగం ఉస్తాద్ గడ్డం మీద. రోజూ తిట్లు. కానీ నాలుగేళ్ళలో ఏ చక్రం తర్వాత ఏ చక్రమొస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగే దాన్నయ్యాను. బల్ల దగ్గర నిలబడాలని నాకెంత ఆశగా ఉండేదంటే, ఉస్తాద్ నమాజుకి వెళ్ళినప్పుడు ఊరికే వెళ్ళి బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడి వచ్చేదాన్ని. అంతే, ఏదీ ముట్టుకునేదాన్ని కాదు. బల్ల చల్లగా ఉండేది.

మా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. ఒక పొద్దున తొట్టిలో నా బొటనవేలు నలిగి, ఉన్న తిట్లన్నీ తెలుగులో తిడుతున్నా. వెనక నుంచి ఎవరో, "ఆహా, ఎన్నాళ్ళకి విన్నాను! ఇది పక్కా గుంటూరు తిట్టు" అన్నారు. తిరిగి చూస్తే ఒక పెద్దాయన, చేతికర్ర, పక్కన ఆయన భార్య, వాళ్ళ వెనక తాడు కట్టి లాక్కొచ్చిన పెద్ద జపాన్ జీపు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం మహా సంబరపడిపోయారు. ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉంటారట, సర్కారులో ఫైళ్ళ మనిషి. సెలవు రోజైతే చాలు, జీపేసుకుని గుట్టలెక్కే గుంపుతో వెళ్ళిపోయేవారట. రెండేళ్ళ కింద రోడ్డు మీద ఎవరో గుద్దేశారు. ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది, పెట్టుడు కాలు తగిలించుకున్నారు. దాంతో నడవొచ్చు గానీ క్లచ్ తొక్కలేరు. అందుకని క్లచ్ లేని బండి, గేర్లు దానంతటదే మార్చుకునే ఆటోమేటిక్ జీపు, ఎక్కడో పాతది సంపాదించారు. అది ఇంటికొచ్చిన నెలలోనే దాని పెట్రోలు ఇంజను పట్టేసింది.

"కాలు పోయింది గానీ ఈయన పిచ్చి పోలేదమ్మా" అంది ఆవిడ. "ఇప్పుడు ఎవరి జీపులోనో పక్క సీట్లో కూర్చుని వెళ్ళొస్తున్నారు. వచ్చాక రెండు రోజులు నాతో మాట్లాడరు. ఈయన నడిపితే గానీ నాకు ఇంట్లో శాంతి లేదు."

సార్ అడిగింది ఇదీ. మాయాపురిలో ఒక డీజిల్ ఇంజను కొన్నారు. అది ఆ జీపులో కూర్చోవాలి. గేర్‌బాక్స్ మాత్రం అదే ఆటోమేటిక్ ఉండాలి. వానలు వెనకబట్టాక, ఇంకో మూడు వారాల్లో, గుర్గావ్ అవతల వదిలేసిన రాతి గనిలో వాళ్ళ గుంపంతా కలుస్తుంది. అక్కడికి ఆయన తనే నడుపుకుంటూ వెళ్ళాలి.

ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. "సాబ్, డీజిలుకి ఈ ఆటోమేటిక్ నప్పదు. ఈ దయ్యాన్ని తీసి పారేసి, క్లచ్ ఉన్న మంచి గేర్‌బాక్స్ పెడతా."

"పెట్టు. దాంతో పాటు నాకో కాలు కూడా పెట్టు" అన్నారు సార్.

సర్దార్జీకి జన్మలో కాదనడం రాదు. "హో జాయేగా జీ, హో జాయేగా" అన్నాడు, అంటే అయిపోతుందని. ఆ మాట అనేది ఆయన, చేసేది మేము.

లోపలి రబ్బర్లు మార్చాలని ఉస్తాద్ గేర్‌బాక్స్ విప్పాడు. ఆయన అంతకుముందు ఆటోమేటిక్ విప్పలేదు, ఆ మాట చెప్పనూ లేదు. బిళ్ళలు, స్ప్రింగులు, గోలీలు, ఒక సంతంత సామాను దాని కడుపులోంచి వచ్చింది. విప్పేటప్పుడు మహా జోరుగా విప్పి తొట్టిలోకి విసిరాడు. మర్నాడు తిరిగి కట్టాలని నిలబడి, గడ్డం గోక్కుంటూ అట్లాగే ఉండిపోయాడు. మధ్యాహ్నమైంది. చాయ్ వచ్చింది, చల్లారింది. ఇక ఉండబట్టలేక నేను తొమ్మిది తీగలు తీసుకెళ్ళి బల్ల మీద వరసగా పరిచాను.

"ఇదేంది?"

"మీరు విసిరిన వరసే ఉస్తాద్. ఈ చివర నుంచి కడితే వచ్చేస్తుంది."

ఆయన తీగల వంక చూశాడు, నా వంక చూశాడు. మొహం గడ్డం కంటే ఎర్రగా అయింది. "అంత తెలిస్తే నువ్వే కట్టు మద్రాసన్. మూత కూడా నువ్వే బిగించు." గ్యారేజీ అంతా వినేట్టు అన్నాడు. "జీపు గుట్టెక్కి దిగితే ఈ బల్లలో సగం నీది. తాడు కట్టి లాక్కురావాల్సొస్తే మాత్రం తొట్టి దగ్గరికి పో, మళ్ళీ బల్ల వైపు చూడకు."

"ఠీక్ హై" అన్నాడు సర్దార్జీ, ఎప్పట్లాగే.

కోపంతో అన్నాడని నాకు తెలుసు. ఆ మాట వెనక్కి తీసుకునేలోపే మొదటి బిళ్ళ ఎక్కించేశాను.

నాలుగు రోజులకి గేర్‌బాక్స్ కట్టాను. మిగిలిపోయిన ముక్క ఒక్కటీ లేదు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ బోల్టు రంధ్రాలు కలవవు కదా, రెండిటి మధ్యకి లేతు మేస్త్రి చేత ఒక మందపాటి ఇనప పలక కోయించారు. ఇక ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు గుమ్మడికాయంత ఇనప డబ్బా ఉంటుంది, నిండా నూనె. ఇంజను ఆ నూనెని తిప్పితే, నూనె గేర్‌బాక్సుని తిప్పుతుంది. ఆ డబ్బా గేర్‌బాక్స్ మూతిలోకి దూరి కూర్చోవాలి. దూర్చాం. టక్ మంది. ఊపితే ఇంకో టక్.

"అయింది, బోల్టులు బిగించు" అన్నాడు ఉస్తాద్.

"కాలేదు. మూడోది రాలేదు."

"మూడోదేంది?"

"డబ్బా కడిగినప్పుడు లోపల చెయ్యి పెట్టి చూశాను. మూడు చోట్ల పళ్ళున్నాయి. మూడు టక్కులు రావాలి."

"బోల్టులు బిగిస్తే అదే లోపలికి పోతుంది."

"పోదు, లోపల పంపు పగుల్తుంది" అని గేర్‌బాక్స్ మీద కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నా. ఆడమనిషి కూర్చుంటే ఆయనేం చేస్తాడు? అటు పోయి బీడీ ముట్టించాడు. నేను ఆ డబ్బాని అటో ఇటో తిప్పుతూ, నిద్రపోని బిడ్డని ఊపినట్టు ఊపుతూ అరగంట గడిపాను. టక్. ఎంత చిన్న శబ్దమో! సర్దార్జీ గల్లాపెట్టె దగ్గర నుంచి, "సునా! నేను విన్నా!" అని కేకేశాడు. ఉస్తాద్ బీడీ ఆర్పి వచ్చి, బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం జీపుకి తాళం తిప్పారు. లేచింది. అబ్బ, ఆ డీజిల్ మోత! గేర్‌బాక్స్ నాది గనక సార్ పక్కన నేనే కూర్చున్నా. లీవరు కొంచెం కిందికి లాగగానే జీపు కదిలింది. కదిలిందంటే మామూలుగానా, నేను చప్పట్లు కొట్టాను. మెట్రో స్తంభాల పక్కనుంచి పోతున్నాం. మోత పెరుగుతోంది. ఇంకా పెరుగుతోంది. ఇంజను గుండె పగిలేట్టు అరుస్తోంది, మమ్మల్ని దాటుకుని తోపుడు బండి మీద కాలీఫ్లవర్ అమ్మేవాడు వెళ్ళిపోతున్నాడు. "బీబీజీ, దిగి తోయనా?" అన్నాడు.

రెండో గేరు పడటం లేదు. పల్లంలో దిగేటప్పుడు ఒక్కసారి తప్ప, ఒకటో గేర్లోనే ఊరంతా తిరిగి వచ్చాం.

సార్ ఇంటికెళ్ళి ఇంటర్నెట్ అంతా గాలించి సోమవారం వచ్చారు. నేలమీద సుద్దముక్కతో బొమ్మ గీసి నాకు చెప్పారు. పెట్రోలు ఇంజను బాగా జోరుగా తిరుగుతుంది. ఈ గేర్‌బాక్స్ ఆ జోరుకి అలవాటు పడ్డది. జీపు ఇంత వేగం అందుకుంటే గానీ రెండోది వేయనని భీష్మించుకుంది. డీజిలు నిదానస్తుడు, బలముంది గానీ అంత జోరుగా తిరగలేడు. ఇది ఆ వేగం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, అది అక్కడిదాకా రాదు. "పెళ్ళిచూపుల్లో ఎవరూ ముందు మాట్లాడనట్టు" అన్నారు సార్. ఆ వేగాన్ని కనిపెట్టేది గేర్‌బాక్స్ తోక దగ్గరుండే చిన్న వస్తువట. దాని పేరు గవర్నరు.

"ఢిల్లీ నిండా పెద్ద పెద్దవాళ్ళే, దీని కడుపులో కూడా గవర్నరా!" అన్నాను.

దానికి రెండు చిన్న ఇనప బరువులుంటాయి, చింతగింజలకి అన్నలంత. అవి తిరుగుతాయి. వాటిని మారిస్తే రెండో గేరు ముందే పడుతుందట. ఎట్లా మార్చాలో మాత్రం ఆయనకీ తెలియదు. కనుక్కుని చెబుతానని వెళ్ళారు.

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఆ బరువుల్ని తలుచుకోగానే నా కళ్ళకి మా ఇంట్లో కుక్కర్ విజిల్ కనపడింది. విజిల్ బరువుగా ఉంటే ఆవిరి దాన్ని లేపడానికి ఎక్కువసేపు పడుతుంది, తేలిగ్గా ఉంటే గబుక్కున లేస్తుంది. ఎన్నేళ్ళ నుంచి పప్పు వండుతున్నా! ఇక ఆలోచించేదేముంది? ఎవర్నీ అడగకుండా, తోక విప్పి, ఆకురాయి పట్టుకుని ఆ రెండు బరువుల్నీ సగం అయ్యేట్టు రాశాను. పాట కూడా పాడుకున్నా.

మర్నాడు బండి తీశాం. అంతకుముందు ఏటవాలుగా దిగేటప్పుడైనా ఒకసారి రెండోది పడేది. ఇప్పుడు అదీ లేదు. సార్ మెల్లగా బండి పక్కకి ఆపారు.

"ఏమ్మా, ఏం చేశావు?"

దాచి లాభం లేదు. కుక్కరు సంగతి చెప్పాను. సార్ కాసేపు స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నా. భుజాలు ఊగుతున్నాయి. నవ్వు! "కుక్కరా! జపాన్ వాడి గేర్‌బాక్సుకి కుక్కరా!" వెనక సీట్లో నుంచి ఆవిడ, "ఎందుకా నవ్వు? నా కుక్కరూ అట్లాగే పని చేస్తుంది. అమ్మాయి చెప్పిందాంట్లో తప్పేముంది?" అని నా తరఫున తగువేసుకుంది. ఆయన ఎంత నవ్వినా నాకు నవ్వు రాలేదు. ఆ బరువులు బజార్లో దొరకవు. గని రోజుకి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి.

ఉస్తాద్‌కి తెలియకుండా ఉంటుందా? "కిరసనాయిలు పిలుస్తోంది మద్రాసన్" అన్నాడు. నిజమే కదాని తొట్టి దగ్గరికి పోయి కూర్చున్నా. చేతులు ఊరికే ఉండవు, అక్కడున్న నట్టుల్ని తీగకి గుచ్చి, కడిగి, తిప్పాను. గిరగిరా. తీగ వేలిలోకి కోసుకుపోయింది. అమ్మో అని చూస్తే, అన్నీ లారీ చక్రానివి, పెద్ద నట్టులు. పక్కనున్న చిన్నవాటిని గుచ్చి తిప్పాను. ఏమీ లేదు, వేలికి తెలియనే లేదు. మళ్ళీ పెద్దవి తిప్పాను. కోత.

తొట్టి ముందు పిచ్చిదాన్లా అవీ ఇవీ మార్చి మార్చి తిప్పుతున్నా. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాళ్ళం, వడిసెలతో. చిన్న గులకరాయి పెట్టి తిప్పితే తాడు ఊరికే ఉండేది. పెద్ద రాయి పెడితే రెండు తిప్పులకే చెయ్యి పీక్కుపోయేది. తిరిగేదానికి బరువుంటే బయటికి లాగుతుంది! కుక్కరు విజిల్ తిరగదు, ఊరికే కూర్చుంటుంది. గవర్నరు తిరుగుతుంది. బరువు తగ్గించడం కాదు, పెంచాలి!

"ఉస్తాద్! పెంచాలి!" అని అరిచాను. కిరసనాయిలు చేతులతోనే పరిగెత్తాను. ఆయన గడ్డం పట్టుకున్నానేమో కూడా గుర్తులేదు. తర్వాత చాలా రోజులు ఆయన నేను దగ్గరికొస్తే గడ్డం మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

నేను అరగదీసిన చోట ఇత్తడి కరిగించి అతికించాం, మొదటి బరువు కన్నా కొంచెం ఎక్కువే అయ్యేట్టు. అతికించింది ఉస్తాదే. గ్యాసు మంట పట్టడంలో ఆయనంత చెయ్యి ఢిల్లీలో లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "నువ్వు గెలిస్తే నాకేం ఒరిగింది" అని గొణుగుతూనే ముత్యాల్లా అతికించాడు. కానీ రెండూ ఒకే బరువుండాలి. ఒకటి ఎక్కువైతే తిరిగేటప్పుడు అదురుతుంది. మా దగ్గరున్న కాటా ఇంజన్లు తూచేది.

అందుకని తిలక్‌నగర్ బజార్లో నగల కొట్టుకి వెళ్ళాను. ఒంటి నిండా గ్రీజు, చేతిలో పాత గుడ్డ మూట. మెత్తటి పరుపు మీద కూర్చున్న షావుకారు మూట విప్పమన్నాడు. విప్పాను. ఇనుము, ఇత్తడి.

"ఇదేం నగ, అమ్మా?"

"జీపుకి ముక్కుపుడకలు."

గాజులు చూస్తున్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. షావుకారు మంచివాడు, నవ్వి అద్దాల పెట్టెలో ఉన్న చిన్న త్రాసు తీశాడు. ఒకటి బియ్యపు గింజంత ఎక్కువుంది. జాకెట్లోంచి ఆకురాయి తీసి రెండు గీతలు గీశాను. మళ్ళీ పెట్టాడు. ఇంకా ఎక్కువే. ఇంకో గీత. ముల్లు మధ్యలో నిలబడింది. పక్కనున్న పెళ్ళికూతురు తన హారం వదిలేసి, "ఆంటీ, కుదిరిందా?" అంది. "కుదిరింది బంగారం!" అన్నా. కొట్టంతా నవ్వులు.

ఆ సాయంత్రం బిగించాం. జీపు గేటు దాటింది. మోత పెరిగింది, పెరిగింది, ఒక్కసారి మోత తగ్గి, ఎవరో వెనక నుంచి మెత్తగా తోసినట్టు జీపు ముందుకి జారింది. రెండోది! కాసేపటికి మూడోది! సార్ "ఓహో" అని అరుస్తున్నారు, ఆవిడ "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటూ తనే నవ్వుతోంది. కాలీఫ్లవర్ బండివాణ్ణి దాటాం. నేను తల బయట పెట్టి వాణ్ణి వెక్కిరించాను కూడా. నలభై ఏళ్ళ మనిషిని.

అయినా పందెం రోడ్డు మీద కాదు, గుట్ట మీద.

గనికి వెళ్ళేసరికి పాతిక జీపుల దాకా ఉన్నాయి. టోపీలవాళ్ళు, నల్ల కళ్ళద్దాలవాళ్ళు, డబ్బాల్లో పరాఠాలు. మధ్యలో ఎర్రమట్టి గుట్ట, నిలువుగా. దాన్ని వాళ్ళు 'దీవార్' అంటారు, గోడ. నాకు గోడకన్నా నిట్టనిలువుగా కనపడింది. సర్దార్జీ గ్యారేజీకి తాళమేసి మిఠాయి పొట్లంతో వచ్చాడు. ఉస్తాద్ కూడా వచ్చాడు. భుజం మీద బండి లాగే తాడు.

ఎవరో కుర్ర ఆఫీసరు వచ్చి, "అంకుల్, నేను ఎక్కించి ఇస్తాను, మీరు పక్కన కూర్చోండి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. సార్ ఎక్కి తలుపు గట్టిగా వేసుకున్నారు. గుట్టెక్కడం మొదటిసారే గనక కట్టుబాటు ప్రకారం పక్కన నేను. వెనక ఆవిడ. "మీరెందుకమ్మా?" అంటే, "ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని భయపడటం కన్నా ఇక్కడ మీతో కలిసి భయపడతా" అంది.

బయల్దేరాం. ఒకటో గేరు, డీజిలు కింద నుంచే బలంగా పట్టి లాగుతోంది. రాళ్ళు వెనక్కి ఎగురుతున్నాయి. నా తల పైకప్పుకి తగులుతోంది. సగం దూరం ఎక్కాం. కాస్త చదును రాగానే జీపు వేగమందుకుంది, నా ఇత్తడి బరువులు ఊరుకుంటాయా? టక్కున రెండోది పడింది. అప్పుడే మళ్ళీ నిలువు మొదలు. ఇంజను మూలిగింది. జీపు నీరసించిపోతోంది. సార్‌కి కంగారు. ఆయన పెట్టుడు కాలు, ఎడమది, నేల మీద డబ్ డబ్ అని కొడుతోంది.

"సార్, ఆ కాలితో ఏం తొక్కుతున్నారు?"

"క్లచ్!"

"అక్కడ క్లచ్ లేదు సార్!"

"ముప్పై ఏళ్ళ అలవాటమ్మా, కాలు లేకపోయినా పోలేదు!"

"లీవరు లాగండి! ఒకటో గేర్లోనే కట్టేసే అక్షరం ఉందన్నారే, దానికి!"

"ఎల్! ఎల్ ఎక్కడ?"

"నన్నడుగుతారేంది, నాకు చదువొచ్చా! అన్నిటికన్నా కిందది!"

"ఏవండీ, ఎక్కుతున్నామా, జారుతున్నామా?" వెనక నుంచి ఆవిడ.

"కళ్ళు తెరిచి చూడు!"

"తెరవను!"

సార్ లీవరు కిందికి లాగారు. గేర్‌బాక్స్ ఒక్కసారి తుమ్మినట్టై ఒకటోది పట్టుకుంది. జీపు ముందు భాగం పైకి లేచింది. అద్దంలో మట్టి లేదు, చెట్టు లేదు, ఒట్టి ఆకాశం. నేను కాళ్ళు రెండూ పైకి తీసుకుని, "పో, పో, పో, నా తల్లీ, పో!" అని డాష్‌బోర్డు మీద గుద్దుతున్నా. ఆకాశం, ఆకాశం, ఆకాశం, ధబ్! నాలుగు చక్రాలూ నేల మీద పడ్డాయి. పైన ఉన్నాం.

కింద నుంచి ఈలలు, హారన్లు. సార్ తలుపు తీసి దిగి, చేతికర్ర లేకుండా బానెట్ పట్టుకుని జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. నా వైపుకొచ్చి, "కుక్కరు!" అన్నారు. ఇక పట్టుకుంది మాకు నవ్వు. ఆవిడ అప్పుడు కళ్ళు తెరిచింది. చుట్టూ చూసి, "అయ్యో, బాగుందే. ఇంకోసారి ఎక్కుదామా?" అంది.

అదే గేర్లో, బ్రేకు పెద్దగా తొక్కకుండా, గునగునా దిగి వచ్చాం. కింద ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. నేను దిగాను. బరువులు ఒక వీసం ఎక్కువయ్యాయి, ఇంత తొందరగా రెండోది పడకూడదు, కాస్త తగ్గించాలి అని నాకు అప్పటికే తెలుస్తోంది. చెప్పేశాను కూడా. గెలిచిన రోజున తప్పు ఒప్పుకోవడం మహా తేలిక, పిల్లలూ, ఆ రోజే ఒప్పేసుకోండి. ఆయన విన్నాడు. తాడుని నిదానంగా చుట్టచుట్టి జీపు వెనకాల పడేసి, తనూ ఎక్కి కూర్చున్నాడు.

"ఏంది ఉస్తాద్?"

"నన్ను కూడా ఒకసారి ఎక్కించమను సాబ్‌ని." ఆ లారీ హారన్ గొంతు పిల్లి గొంతంత అయింది.

ఎక్కించారు. పైకి పోయేదాకా ఆయన కేకలు గనంతా వినపడ్డాయి. దిగాక, తను అరవలేదనీ, ఆ అరిచింది ఇంజననీ ఒట్టేసి చెప్పాడు.

మర్నాడు గ్యారేజీకి వెళ్ళి, అలవాటు కొద్దీ తొట్టి వైపు నడిచాను. "ఎటు?" అన్నాడు ఉస్తాద్. బల్ల మీద ఆయన సామానంతా ఒక పక్కకి జరిపి ఉంది. రెండో పక్క ఖాళీ. ఖాళీ కూడా కాదు, గుట్టలెక్కే గుంపులో ఇంకెవరిదో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి అక్కడ పెట్టి ఉంది. పొద్దున్నే దింపి వెళ్ళారట. 'ముక్కుపుడకల ఆవిడ ఉందా' అని అడిగి మరీ దింపారట.

నేను కొంగు బిగించి, బల్ల ముందు నిలబడి, మొదటి బోల్టు మీద వేలు పెట్టి తడిమాను. ఉస్తాద్ పక్కన నిలబడి మెడ చాచి చూస్తున్నాడు. నేను గేర్‌బాక్స్ మీద నుంచి చూపు తిప్పకుండా, కుడిచెయ్యి పక్కకి చాపి, "పద్నాలుగో నంబరు పానా" అన్నాను.

ఆయన డబ్బాలో పానాలు గలగలమన్నాయి. తర్వాత అరచేతిలో చల్లగా ఇనుము పడింది. వేళ్ళు మూసి వెడల్పు చూశాను. పదమూడు.

తల ఎత్తకుండానే వెనక్కిచ్చేశాను.